నీళ్ల సీసా అడుగున ఉన్న అంకెను నమ్మవచ్చా? వేడి నీళ్లు పోస్తే ఏమవుతుంది?

వేకువపిట్ట

అందరికీ నమస్కారం. మా పాప బడికి తీసుకువెళ్లే నీళ్ల సీసా గురించి ఒక సందేహంతో ఈ చర్చ మొదలుపెడుతున్నాను. రెండేళ్ల క్రితం కొన్నప్పుడు అది అద్దంలా తేటగా ఉండేది. ఇప్పుడు లోపలి గోడ మసకబారింది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే వెంట్రుకల్లాంటి సన్నని గీతలు అడుగు నుంచి మెడ దాకా కనిపిస్తున్నాయి. గత వారం పాపకు జలుబు చేసిందని కాచిన నీళ్లను ఆరనివ్వకుండానే అందులో పోసి మూత బిగించాను. కాసేపటికి మూత తీసి చూస్తే, కొత్త బొమ్మల పెట్టె తెరిచినప్పుడు వచ్చే వాసనలాంటిది గుప్పుమంది. ఆ నీళ్లు పారబోశాను గానీ, ఇంతకుముందు ఎన్నిసార్లు అలా పోసి ఇచ్చానో నాకే గుర్తు లేదు. అప్పటి నుంచి మనసులో అదే మెదులుతోంది.

ఆ సీసా అడుగున త్రిభుజంలో 7 అని ఉంది. కొన్న నీళ్ల సీసాలను కడిగి మళ్లీ నింపి ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు మా ఇంట్లో ఉంది, వాటి మీద 1 అని ఉంది. పాప పాలు తాగే కప్పు మీద 5 ఉంది. 7 అంటే విషమని ఒకరు, 1 ఉన్నదాన్ని రెండోసారి వాడితే ప్రమాదమని మరొకరు, 5 అయితే మరిగే నీళ్లు పోసినా ఫరవాలేదని ఇంకొకరు చెబుతున్నారు. విషయం తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

పాలిమర్ పాఠం

వేకువపిట్ట గారూ, ఆహార పదార్థాల ప్యాకింగ్‌ను పరీక్షించే ప్రయోగశాలలో నేను చాలా ఏళ్లు పనిచేశాను. మీ ప్రశ్నలో ఉన్న ముఖ్యమైన పొరపాటును ముందుగా సరిచేస్తాను. అది మీది ఒక్కరిదే కాదు, దాదాపు అందరిదీ. ఆ అంకె భద్రతకు వేసిన మార్కు కాదు. వాడి పడేసిన ప్లాస్టిక్‌ను రకాలవారీగా వేరు చేయడం సులువుగా ఉండాలని 1988లో అమెరికాలోని ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం ఆ గుర్తులను తెచ్చింది. 1 అంటే పెట్, 2 అంటే గట్టి రకం పాలిథిన్, 3 పీవీసీ, 4 మెత్తని పాలిథిన్, 5 పాలీప్రొపిలీన్, 6 పాలీస్టైరీన్. వీటిలో దేనికీ చెందనివన్నీ 7 కిందకు వస్తాయి. అందువల్ల 7 అనేది ఒక ప్లాస్టిక్ పేరు కానే కాదు. పాలీకార్బొనేట్ అందులోనే ఉంది, శరీరంలో హార్మోన్‌లా ప్రవర్తించగల బిస్ఫినాల్ ఎ అనే రసాయనం లేకుండా తయారయ్యే ట్రైటాన్ వంటి కోపాలియెస్టర్లూ అందులోనే ఉన్నాయి, మొక్కల పిండిపదార్థం నుంచి తయారయ్యే పీఎల్‌ఏ కూడా అందులోనే ఉంది.

మీరు చూడవలసింది 7 కింద ‘పీసీ’ అనే రెండు అక్షరాలు ఉన్నాయా అన్నది. ఉంటే అది పాలీకార్బొనేట్. ఆ ప్లాస్టిక్ అణువుల గొలుసులో బిస్ఫినాల్ ఎ ఒక్కొక్క లంకె. తయారీలో గొలుసుకు అతుక్కోకుండా మిగిలిపోయిన కొద్దిపాటి బిస్ఫినాల్ నెమ్మదిగా నీటిలోకి వస్తుంది. అదే కాకుండా వేడి నీరు, ఘాటైన క్షారాలు గొలుసునే తెంపి కొత్తగా బిస్ఫినాల్‌ను విడిపిస్తాయి. 2008లో సిన్సినాటి విశ్వవిద్యాలయ పరిశోధకులు పాలీకార్బొనేట్ సీసాలలో మరిగే నీళ్లు పోసి చూశారు. అంతకుముందు చల్లని నీటిలోకి దిగిన వేగంతో పోలిస్తే బిస్ఫినాల్ 15 నుంచి 55 రెట్లు వేగంగా విడుదలైంది. వారి పరీక్షలో సీసా కొత్తదా పాతదా అన్నదాని కంటే నీటి వేడి ఎంత అన్నదే ప్రధానమని తేలింది.

గాజుగ్లాసు

మా ఇంట్లో తాగే నీటికి సంబంధించిన ప్లాస్టిక్ అంతా మూడేళ్ల క్రితమే తీసేశాం. చల్లని నీళ్లు పోస్తే ఏమీ కాదన్న ధీమా కూడా నాకు లేదు. 2009లో హార్వర్డ్ పరిశోధకులు 77 మంది విద్యార్థులకు పాలీకార్బొనేట్ సీసాలు ఇచ్చి, వారం రోజుల పాటు చల్లని పానీయాలు వాటిలోనే తాగమన్నారు. వారి మూత్రంలో బిస్ఫినాల్ ఎ సుమారు 69 శాతం పెరిగింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో రోజుకు కిలో శరీర బరువుకు 4 మైక్రోగ్రాముల వరకు ఫరవాలేదని చెప్పి, 2023కు వచ్చేసరికి దానిని 0.2 నానోగ్రాములకు దించింది. మైక్రోగ్రాము అంటే వెయ్యి నానోగ్రాములు కాబట్టి, ఒక్కసారిగా ఇరవై వేల రెట్లు తగ్గించింది. ఇన్నేళ్లు ఫరవాలేదు అన్న మాటను నమ్మి వాడినవారి సంగతి ఏమిటి? ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

నిశితం

గాజుగ్లాసు గారు చెప్పిన అంకెలు సరైనవే. అయితే కథ అక్కడితో ఆగలేదు కాబట్టి మిగతా భాగం కూడా ఇక్కడ ఉండాలి. ఆ 0.2 నానోగ్రాముల పరిమితిని జర్మనీ ప్రమాద అంచనా సంస్థ అంగీకరించలేదు. ఐరోపా సంస్థ రోగనిరోధక కణాలలో కనిపించిన మార్పును హానిగా లెక్కించిన తీరు మీద అభ్యంతరం చెప్పి, తన లెక్కగా 200 నానోగ్రాములను ప్రతిపాదించింది. అది ఐరోపా సంస్థ చెప్పినదానికి వెయ్యి రెట్లు ఎక్కువే అయినా, 2015 నాటి పరిమితిలో ఇరవయ్యో వంతు మాత్రమే. నిపుణులు ఎంత తగ్గించాలన్న దగ్గర విభేదించారు గాని, తగ్గించాలన్న దగ్గర కాదు. ఈ తేడాను గమనించకపోతే, శాస్త్రవేత్తలే తేల్చుకోలేదు కాబట్టి మనం పట్టించుకోనక్కరలేదు అనే తప్పుడు నిర్ణయానికి వస్తాం.

నిబంధనలు కూడా అదే దిశలో నడిచాయి. పాలసీసాలలో బిస్ఫినాల్ ఎ వద్దని కెనడా 2008లో ప్రకటించింది, ఐరోపా సమాఖ్య 2011లో నిషేధించింది, అమెరికా 2012లో పాలసీసాలకూ పసిపిల్లల కప్పులకూ అనుమతి తీసివేసింది. 2024 డిసెంబరులో ఐరోపా సమాఖ్య ఆహారాన్ని తాకే వస్తువులన్నిటికీ ఈ నిషేధాన్ని విస్తరించి, మారడానికి తయారీదారులకు గడువులు ఇచ్చింది.

వేకువపిట్ట

పాలిమర్ పాఠం గారూ, ఇప్పుడే చూశాను. భూతద్దం పెట్టి చూడవలసి వచ్చింది. 7 కింద చిన్నగా ‘పీసీ’ అనే ఉంది. సీసా మీద అంటించిన చీటీ ఎప్పుడో ఊడిపోయింది గాని, వేడి పానీయాలు పోయరాదని దాని మీద రాసి ఉన్నట్లు ఇప్పుడు లీలగా గుర్తుకు వస్తోంది. మరొక మాట కూడా అడగాలి. లోపల మసకబారిందని నేను దానిని వంటసోడా కలిపిన వేడి నీటిలో రాత్రంతా నానబెట్టి, గరుకు పీచుతో తోమేదాన్ని. అది మంచిదేనా?

పాలిమర్ పాఠం

పాలీకార్బొనేట్ విషయంలో మంచిది కాదు. వంటసోడా చాలా బలహీనమైన క్షారమే. అయినా వేడి, రాత్రంతా నానడం, గరుకు పీచు మూడూ కలిసినప్పుడు లోపలి గోడ దెబ్బతింటుంది. మీకు కనిపిస్తున్న గీతలలో ఎక్కువ భాగం ఆ పీచు వల్ల పడినవే అయి ఉంటాయి.

క్షారం ఎంత పని చేయగలదో చెప్పే ఒక సంఘటన ఈ రంగంలో పనిచేసేవారందరికీ తెలుసు. 1998లో క్లీవ్‌లండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో ప్యాట్రీషియా హంట్ ప్రయోగశాలలోని ఎలుకల పాలీకార్బొనేట్ పంజరాలనూ నీటి సీసాలనూ పొరపాటున నేల తుడిచే ఘాటైన ద్రావణంతో కడిగారు. ఏ ప్రయోగమూ చేయని మామూలు ఆడ ఎలుకల అండాలలో సాధారణంగా 1, 2 శాతానికి మించని క్రోమోజోమ్ లోపాలు ఉన్నట్టుండి 40 శాతానికి చేరాయి. నెలల తరబడి కారణం వెతికితే చివరికి తేలింది, దెబ్బతిన్న ఆ ప్లాస్టిక్ నుంచి బిస్ఫినాల్ ఎ కారుతోందని. మన ఇంటి సీసాకు అంతటి దెబ్బ తగలదు గాని, సీసాను ఎలా కడుగుతున్నామన్నది కూడా భద్రతలో భాగమేనని ఆ ఎలుకలే మాకు నేర్పాయి.

గాజుగ్లాసు

ఆ కథకు రెండో భాగం కూడా ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత హంట్ బృందానికే మళ్లీ అలాంటి ఇబ్బంది ఎదురైంది. ఈసారి పంజరాలు పాలీసల్ఫోన్ అనే వేరే ప్లాస్టిక్‌తో చేసినవి, దెబ్బతిన్నవాటి నుంచి బయటపడింది బిస్ఫినాల్ ఎకు దగ్గరి పోలిక ఉన్న బిస్ఫినాల్ ఎస్. ఆ ఫలితాలు 2018లో వెలువడ్డాయి. అందుకే ‘బీపీఏ లేదు’, అంటే బిస్ఫినాల్ ఎ లేదు, అన్న ముద్ర చూసి నేను తృప్తి పడలేను. ఒక పదార్థం లేదని చెబుతుందే తప్ప, దాని స్థానంలో ఏముందో ఆ ముద్ర చెప్పదు.

నిశితం

ఈ ఒక్క మాటలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తున్నాను.

ఇక 1 అంకె సీసాల సంగతి. వీటి మీద నిజం కంటే వదంతులే ఎక్కువ. పెట్ పూర్తి పేరు పాలీఇథిలీన్ టెరిఫ్తాలేట్. ఆ పేరులో ఫ్తాలేట్ అన్న ముక్క ఉన్నందువల్ల, పీవీసీని మెత్తబరచడానికి కలిపే ఫ్తాలేట్లు ఇందులో ఉన్నాయని చాలామంది అనుకుంటారు. రెండూ వేరువేరు పదార్థాలు. పెట్‌ను మెత్తబరచే రసాయనాలు కలపవలసిన అవసరమే లేదు, బిస్ఫినాల్ ఎ కూడా దాని తయారీలో ఉండదు. ఫ్రీజర్‌లో పెడితే డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుడతాయన్న ప్రచారం మరొకటి. డయాక్సిన్ పుట్టాలంటే క్లోరిన్ ఉండాలి, పెట్ గొలుసులో క్లోరిన్ లేదు. పైగా చలి రసాయనాల కదలికను నెమ్మదింపజేస్తుందే తప్ప పెంచదు.

పెట్ విషయంలో పట్టించుకోవలసినది యాంటిమొనీ అనే మూలకం. తయారీలో ఉత్ప్రేరకంగా వాడిన యాంటిమొనీ ట్రయాక్సైడ్ అవశేషం సీసా గోడలో కిలోకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల వరకు ఉండిపోతుంది. నీటిలోకి ఎంత దిగుతుందన్నదే ప్రశ్న. 2008లో అరిజోనా పరిశోధకులు ప్రచురించిన లెక్క ప్రకారం, అమెరికా తాగునీటి పరిమితి అయిన లీటరుకు 6 మైక్రోగ్రాములను దాటడానికి 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర 176 రోజులు పడుతుంది, 70 డిగ్రీల దగ్గర 12 రోజులు, 80 దగ్గర 2.3 రోజులు, 85 దగ్గర 1.3 రోజులు చాలు. ఈ వరుసను కాస్త ఆగి చూడండి. వేడి 25 డిగ్రీలు పెరిగితే ఆరు నెలల పని ఒకటిన్నర రోజులోపే అయిపోతోంది. గది వేడిమిలో, ఫ్రిజ్‌లో ఉంచిన సీసాతో ఆ పరిమితి దగ్గరకు కూడా రాము. ఎండలో నిలిపిన కారులో వారాల తరబడి మరచిపోయిన సీసా నీళ్లు మాత్రం నేను తాగను, మొక్కలకు పోస్తాను.

పాలిమర్ పాఠం

నిశితం గారి మాటకు చిన్న చేర్పు. పెట్ దాదాపు 70 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలుపెడుతుంది. మరిగే నీళ్లు పోసిన పెట్ సీసా మెడ కుంగి, మూత వంకరపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఒకసారి అలా ఆకారం చెడిన సీసాను మళ్లీ వాడవద్దు.

చిన్నారి నేస్తం

నేను పసిపిల్లల విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. 5 అయితే మరిగే నీళ్లు పోసినా ఫరవాలేదు అన్న మాట గురించి చెప్పవలసినది ఉంది. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల దాకా కరగదు, బిస్ఫినాల్ ఉండదు, ఆకారం చెడకుండా వేడిని తట్టుకుంటుంది. ఆ మేరకు అది నిజం. అయితే 2020లో డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాల పరిశోధకులు పాలీప్రొపిలీన్ పాలసీసాలను మామూలుగా తల్లులు చేసే పద్ధతిలోనే క్రిమిరహితం చేసి, 70 డిగ్రీల నీళ్లు పోసి కుదిపి చూస్తే లీటరుకు 1.62 కోట్ల వరకు సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు లెక్కకు వచ్చాయి. 25 డిగ్రీల నీటితో లీటరుకు 6 లక్షలుగా ఉన్న రేణువులు 95 డిగ్రీల నీటితో 5.5 కోట్లకు పెరిగాయి. ప్లాస్టిక్ కరగలేదు, రంగు మారలేదు, వాసన రాలేదు. కంటికి ఏమీ కనిపించదు.

ఈ అంకెలు చూసి కొందరు తల్లులు భయపడి, పాలపొడిని గోరువెచ్చని నీటిలో కలపడం, సీసాలు మరిగించడం మానేయడం నేను చూశాను. దయచేసి అలా చేయకండి. పాలపొడిలో ఉండగల క్రిములను చంపడానికే 70 డిగ్రీలకు తగ్గని నీరు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. క్రిములతో వచ్చే జబ్బు గంటల్లో బిడ్డను కుంగదీస్తుంది. రెండూ సాధించే దారి ఉంది, ఆ పరిశోధకులే సూచించారు. ప్లాస్టిక్ కాని పాత్రలో నీళ్లు కాచి, గాజు లేదా స్టీలు పాత్రలోనే వేడి నీటితో పాలు కలిపి, తాగే వేడికి ఆరిన తర్వాత సీసాలోకి పోయాలి. క్రిమిరహితం చేసిన సీసాను, కాచి ఆర్చిన శుభ్రమైన నీటితో మూడు సార్లు తొలిపి పారబోయాలి. ప్లాస్టిక్ సీసాలో పాలను మైక్రోవేవ్‌లో వేడి చేయకూడదు, పాలు ఉండగా గట్టిగా కుదపకూడదు. మా విభాగంలో ఈ క్రమాన్ని తల్లుల చేత చేయించి చూపిస్తున్నాం. దీనికి అదనంగా పట్టే సమయం చాలా తక్కువ.

ఉదయపు నడక

మెత్తగా నొక్కితే నీళ్లు చిమ్మే క్రీడాకారుల సీసాను నేను ఏళ్ల తరబడి వాడాను. రాత్రి నింపి పెట్టుకుని ఉదయం తాగితే నీళ్లకు ఒక రకమైన రుచి తగిలేది. అది నీటి లోపమే అనుకునేవాణ్ణి. 2022లో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంవారు అలాంటి సీసాలలోనే 24 గంటలు నీళ్లు నిలవ ఉంచి పరీక్షించారని చదివాను. ప్లాస్టిక్ నుంచి వచ్చిన పదార్థాలే నాలుగు వందలకు పైగా కనిపించాయట. గిన్నెలు కడిగే యంత్రంలో కడిగిన సీసాల నీటిలో సబ్బు నుంచి వచ్చినవి మూడున్నర వేలకు పైగా ఉన్నాయట. దీని అర్థం ఏమిటో విడమరచి చెప్పండి.

నిశితం

ఈనాటి పరికరాలు అత్యంత సూక్ష్మమైన పరిమాణంలో ఉన్నవాటిని కూడా గుర్తిస్తాయి, కాబట్టి కనిపించిన ప్రతిదీ హాని చేస్తుందని అర్థం కాదు. కానీ వాటిలో చాలావాటి పేర్లు కూడా ముందుగా ఎవరికీ తెలియకపోవడం, విషగుణ పరీక్షలు జరగకపోవడం తేలికగా తీసుకోవలసిన విషయం కాదు. మీ నాలుకకు తగిలిన రుచి మాత్రం నిజమైన సూచన. ఆ సీసాను మార్చవలసింది. నీళ్లు రాత్రంతా అందులో నిలవ ఉంచకుండా, బయలుదేరే ముందు నింపుకోవడం సులువైన మార్పు. యంత్రంలో కడిగితే ఆ తర్వాత కుళాయి కింద మళ్లీ బాగా తొలపాలి.

గాజుగ్లాసు

సూక్ష్మ రేణువుల గురించి మరొక అంకె. 2024 జనవరిలో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అమ్మకపు సీసా నీళ్లలో లీటరుకు సగటున 2,40,000 రేణువులు ఉన్నాయని, వాటిలో దాదాపు 90 శాతం నానో పరిమాణంలోనివని చూపారు. అదే సంవత్సరం ఇటలీ వైద్యులు మెడ ధమనులలో పేరుకున్న కొవ్వు పూడికలను పరీక్షిస్తే, సగానికి పైగా రోగులలో పాలిథిన్ కనిపించింది. అలా కనిపించినవారికి గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు సుమారు నాలుగున్నర రెట్లు ఉన్నట్లు తేలింది.

చిన్నారి నేస్తం

ఆ ఇటలీ అధ్యయనాన్ని నేనూ శ్రద్ధగా చదివాను. ప్లాస్టిక్ వల్లనే ముప్పు వచ్చిందని వారు తేల్చలేదు, రెండూ కలిసి కనిపించాయని మాత్రమే చెప్పారు. ఆ ప్లాస్టిక్ నీళ్ల సీసా నుంచి వచ్చిందో, గాలి నుంచి వచ్చిందో కూడా దానితో తెలియదు. అయినా నా ఇంట్లో నేను తీసుకున్న నిర్ణయం మీలాంటిదే. శుభ్రమైన కుళాయి నీరు అందుబాటులో ఉన్నచోట సీసా నీళ్లు కొనను. కొనక తప్పనిచోట మూతను పదేపదే తిప్పను, ఎందుకంటే మూత మరలు రాసుకున్న ప్రతిసారీ రేణువులు రాలుతాయి.

మనం ఇంతసేపూ రసాయనాల గురించే మాట్లాడాం. మూత లోపలి రబ్బరు పట్టీని ఎంతమంది తీసి కడుగుతున్నారు? గత నెల మా అబ్బాయి సీసా మూత నుంచి ఆ పట్టీని గుండుసూదితో పైకి లేపితే, కింద గాడి చుట్టూ నల్లని బూజు వలయంలా కట్టి ఉంది. పైనుంచి చూస్తే తళతళలాడుతున్న సీసా అది. గీతలు పడిన ప్లాస్టిక్‌లోనైతే క్రిములు ఆ గీతల్లోనే పొరకట్టుకుని, పైపైన తొలిపితే కదలవు. మెత్తని బ్రష్, సబ్బునీళ్లు, పట్టీ విడదీసి కడగడం, మూత తీసి బోర్లించి పూర్తిగా ఆరబెట్టడం రోజూ జరగాలి.

వేకువపిట్ట

మీ అందరికీ కృతజ్ఞతలు. ఆ పాలీకార్బొనేట్ సీసాను వాడుకలో నుంచి తీసేశాను. పాపకు స్టీలు సీసా తెచ్చాను. పాల కప్పును ఉంచాను గాని, పాలు గ్లాసులో ఆరిన తర్వాతే అందులో పోస్తున్నాను. ఫ్రిజ్‌లోని 1 అంకె సీసాలలో ఇరుకు మెడ వల్ల బ్రష్ లోపలికి వెళ్లనివన్నీ పాత సామానులో వేశాను. స్టీలుతో పాటు, తేలికగా ఉందని మావారు తన కోసం ఒక అల్యూమినియం సీసా తెచ్చారు. అది వాడవచ్చా?

పాలిమర్ పాఠం

అల్యూమినియం నీటిని నేరుగా తాకకుండా లోపల పూత వేస్తారు. ఆ పూత కొన్నిటిలో ఎపాక్సీ, అంటే మళ్లీ బిస్ఫినాల్ ఎ నుంచి తయారయ్యేదే. లోపలికి టార్చి వేసి చూడండి. బంగారు రంగులో గాని, పసుపు ఛాయలో గాని మెరిసే పొర కనిపిస్తే తయారీదారును ఆ పూత ఏమిటో అడగండి, సమాధానం రాకపోతే తిరిగి ఇచ్చేయండి. స్టీలులో 304 రకానికి సాధారణంగా లోపల ఏ పూతా అవసరం ఉండదు. దాని మూత లోపలి వైపు కూడా ఒకసారి చూడండి, చాలా స్టీలు సీసాలకు మూత ప్లాస్టిక్‌దే ఉంటుంది. వేడి నీళ్లు పోసినప్పుడు నీరు దానిని తాకకుండా రెండు వేళ్ల వెలితి ఉంచి, సీసాను నిలబెట్టే ఉంచండి.